అమ్మ కాలి నరానికి బేరం

పోచంపల్లిలో మా కిరాణా దుకాణం బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఉండేది. అరుగు ఎత్తు. గిరాకీ కింద వీధిలో నిలబడేవాడు, మేం పైన నిలబడేవాళ్లం. లోపల కూర్చునే జాగా ఒక్కటే, గల్లా పెట్టె వెనక చిన్న పరుపు. అది బాపుది. బాపు సరుకు కోసం హైదరాబాదు పోయిన రోజుల్లో కూడా ఆ పరుపు ఖాళీగా ఉండేదే తప్ప అమ్మ దాని మీద కూర్చునేది కాదు. జరసేపు కూర్చోవచ్చు కదా అంటే, "నేను కూసుంటే తరాజు ఎవలు పడ్తరే, నీ అత్త వచ్చి పడ్తదా" అనేది. నాకింకా పెళ్లి కాలేదు. లేని అత్త మీద వేసిన మాటకు జవాబు చెప్పడం కష్టం.

ఆ దుకాణంలోనే నేను బేరం నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం కన్నా అంటుకుంది అనడం సరి. బడిలో లెక్కల సారు రెండు మార్కులు తగ్గిస్తే, ఒకటి మీరుంచుకోండి, ఒకటి నాకియ్యండి అన్నాను. బస్సులో కండక్టరుతో, సగం దూరం నిలబడే వచ్చాను కాబట్టి సగం టికెట్టే ఇమ్మన్నాను. ఆయన నిజంగానే సగం దూరంలో దించేశాడు. ఇంటికి నడిచి వచ్చి సంగతి చెబితే అమ్మ నవ్వలేదు, "గట్టిగ అడగలే నువ్వు" అంది.

మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక ఊళ్లో మగ్గాల చప్పుడొకటే వినిపించేది. అప్పుడు అమ్మ దుకాణం గుంజకు ఆనుకుని నిలబడి ఎడమ కాలును కుడి కాలితో రుద్దుకునేది. ఆ పిక్క మీద నరాలు ఆకుపచ్చగా, ఉబ్బెత్తుగా, చిక్కుపడ్డ నూలులా ఉండేవి. చిన్నప్పుడు నేను బియ్యం బస్తా పక్కన కూర్చుని వాటిని వేలితో నొక్కేదాన్ని. నొక్కితే లోపలికి పోయేవి, వేలు తీస్తే మెల్లగా పైకి తేలేవి. "ఆట సామానా అది, తియ్యి చెయ్యి" అనేది అమ్మ, కాలు మాత్రం తీసేది కాదు. ఇప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నం అంటే నాకు బెల్లం వాసన, మగ్గం చప్పుడు, వేలి కింద మెత్తగా అణిగే అమ్మ నరం.

నేను డిగ్రీ చదివే రోజులకు అది ఆటగా మిగల్లేదు. మడమ పైన చర్మం నల్లబడింది. తర్వాత చీలమండ దగ్గర రూపాయి బిళ్లంత పుండు లేచింది. పసుపు పెట్టింది, మందుల దుకాణంలో ఇచ్చిన మలాం పూసింది, చీర అంచుల ముక్కలు చుట్టింది. నాలుగు రోజులు ఎండినట్టు ఉండేది, మళ్లీ పచ్చిదయ్యేది. బాపు ఒక రోజు చూసి, "ఇగ నువ్వు ఇంట్ల కూసో. దుకాణం నేను సూసుకుంట" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"నువ్వు సూసుకుంటే ఈగలకు తూకం ఏసుకుంట కూసోవాలె" అంది అమ్మ.

అన్నదే గానీ, బాపు మాట ఆమెకు లోపల ఎక్కడో దిగింది. ఆ సాయంత్రం గిరాకీ లేకపోయినా దుకాణంలోనే నిలబడి ఉంది. ఇంట్లో కూర్చోబెడతారన్న భయం ఆమెకు పుండు కన్నా పెద్దది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. దాని పేరు నరం.

మా తాత, అంటే అమ్మ నాయిన, మోత్కూర్‌లో దుకాణం నడిపేవాడు. ఒకసారి నూనె డబ్బా మూత రేకు కోసుకుని ముంజేయి తెగింది. గాయం మానింది, వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. నరం తెగింది అన్నారు అందరూ. అప్పటి నుంచి తాత ఎడమ చేత్తోనే తరాజు పట్టాడు. అప్పటికి చిన్నపిల్ల అయిన అమ్మ ఆయన పక్కన నిలబడి తూకం రాళ్లు అందించేది. అందుకే నరం అన్న మాట వింటే చాలు అమ్మ చేతి వేళ్లు ఒకసారి తెరిచి మూసుకునేది. తనవి ఇంకా పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నట్టు.

బతిమాలి, అలిగి, చివరికి కొత్త చెప్పులు కొనిస్తానని ఆశ పెట్టి నల్లగొండలో ఒక సర్జన్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కాలు చూసి తొడ మీద వేలు పెట్టి మడమ దాకా గీత గీసినట్టు లాగాడు.

"ఈ నరం మొత్తం లాగెయ్యాలె. పైనుంచి కిందిదాక."

అమ్మ బల్ల మీంచి దిగి, చెప్పులేసుకుని, "పోదాం పా" అంటూ బయటికి నడిచింది. నేను మాత్రం కదల్లేదు. ఎదురుగా ఒక మనిషి ఒక మాట చెప్పి కూర్చుంటే లేచి రావడం నాకు చేతకాదు.

"సార్, మొత్తం ఎందుకు. సగం తియ్యరాదా?"

ఆయన కళ్లద్దాల మీంచి చూశాడు. "ఇది చీర కాదమ్మా, సగం కోసియ్యనీకి."

"పోనీ మోకాలు దాక తియ్యండి. పైది ఉండనియ్యండి."

"ఏం చేస్తరు మీరు?"

"దుకాణం, సార్."

"అనుకున్న" అన్నాడు ఆయన. కొంచెంసేపు పెన్ను మూత తీసి పెట్టాడు. "హైదరాబాద్ల ఒకాయన ఉన్నడు. బయటి దేశంల నేర్చుకొని వచ్చిండు. నరం తియ్యడంట, ఆడాడ ముడులేసి లోపల్నే ఇడిసిపెడ్తడంట. నాకైతే అంత నమ్మకం లేదు. నీ అసొంటోళ్లకు ఆయనే సరి."

నా జీవితంలో నేను గెలిచిన పెద్ద బేరం అదే. గెలిచానని నాకు అప్పుడు తెలియదు. ఏదో పరిహాసమాడి పంపించాడనే అనుకున్నాను.

నార్కట్‌పల్లిలో బస్సు మారాలి. హోటల్ ముందు బల్ల మీద చాయ్ తాగుతూ అమ్మకు సంగతి చెప్పాను. లారీల హోరులో సగం మాటలు గట్టిగా చెప్పాల్సి వచ్చింది, పక్కన చాయ్ తాగే డ్రైవర్లకు కూడా అమ్మ కాలి సంగతి తెలిసిపోయింది.

"నరం తెగినంక కాలు ఉంటదా? మా నాయిన చెయ్యి నువ్వు సూడలే. నేను సూసిన."

"తెంపడంటమ్మా. కడ్తడంట."

"కట్టినా తెంపినా, నరం నరమే గదనే. కాలు పడిపోతే దుకాణంల ఎట్ల నిలవడాలె? మీ బాపు ఎదురుసూస్తున్నడు, ఎప్పుడు ఇంట్ల కూసోవెట్టాల్నా అని."

"పొయ్యి ఇందాం. ఇంటే పోయేదేముంది. తెంపుత అన్నడనుకో, లేసి వద్దాం."

"తెంపుత అంటే లేసి వస్త. మల్ల నువ్వు ఆడ సగం తియ్యి, పావు తియ్యి అని కూసోవద్దు."

ఒప్పుకున్నాను. అమ్మ గ్లాసు కింద పెట్టి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచింది.

హైదరాబాదు డాక్టర్ది కోస్తా మాట. అంతకుముందు ప్రతి డాక్టరూ అమ్మను పడుకోబెట్టేవాడు. ఈయన చిన్న చెక్కపీట వేసి దాని మీద నిలబడమన్నాడు.

"నిలబడితేనే కదమ్మా మీ కాలు మీకు అన్యాయం చేసేది. పడుకుంటే అది బుద్ధిమంతురాలిలా నటిస్తుంది."

అమ్మకు ఆ మాట నచ్చింది. మోకాలి దాకా చీర ఎత్తిపట్టుకుని గోడవైపు మొహం పెట్టి నిలబడింది. ఆయన కాలికి ఏదో జిగురు పూసి చిన్న పనిముట్టు ఆనించాడు. పక్కన టీవీలాంటి పెట్టెలో ఎర్రగా, నీలంగా మరకలు కదిలాయి. పిక్క నొక్కి వదిలినప్పుడల్లా లోపలి నుంచి బుస్సుమని చప్పుడు వచ్చేది.

"అది నా కాల్లకెల్లేనా?" అంది అమ్మ.

"మీ కాలే. రక్తం పైకి పోవాలి, గుండె దాకా. దారిలో చిన్నచిన్న తలుపులుంటాయి, వెనక్కి రానీయకుండా. మీకు కొన్ని తలుపులు మూసుకోవడం లేదు. పైకి పోయింది మళ్లీ కిందికి జారుతోంది. ఆ బరువంతా చీలమండ దగ్గర చేరి పుండైంది."

"మరి నరం తెంపుతవా బిడ్డా?"

అలా ఎందుకు అడిగారని ఆయన అడిగాడు. అమ్మ గోడవైపే చూస్తూ తాత చెయ్యి సంగతి చెప్పింది, రేకు, ముంజేయి, మూసుకోని వేళ్లు. ఆయన నవ్వలేదు. పనిముట్టు పక్కన పెట్టి, పీట దిగమని కుర్చీ వేశాడు.

"మీ నాన్నగారికి తెగింది మాట మోసే నరం. మెదడు చెప్పినది వేలికి చేరవేస్తుంది. అది తెగితే వేలికి కబురందదు. మీ కాలిలో ఉబ్బింది రక్తం మోసేది. రెండూ వేరువేరు. మనం రెంటినీ నరమనే అంటాం."

అమ్మ తన కాలు వైపు ఒకసారి, చేతి వేళ్ల వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"రెండు సరుకులకు ఒక్కటే చిట్టీ అంటిచ్చిన్రే."

మా దుకాణంలో అది క్షమించరాని తప్పు. ఒకసారి పంచదార డబ్బాకూ సోడా ఉప్పు డబ్బాకూ ఒకే చిట్టీ అంటించినందుకు నా చెవి ఎంత ఎర్రబడిందో నాకు తెలుసు. తాత చెయ్యి నుంచి ఆ రోజు దాకా, చిట్టీ తప్పు వల్ల పుట్టిన భయాన్ని అమ్మ మోసింది.

"అయినా నేను మీ నరం తీయను" అన్నాడు ఆయన. "రక్తం ఎక్కడ దారి తప్పుతోందో చూసి అక్కడక్కడా చిన్న గాటు పెట్టి కడతాను. మిగిలిన రక్తం లోపలి దారి వెతుక్కుంటుంది. పైన ఉబ్బింది మెల్లగా తగ్గుతుంది. నరం ఉంటే మంచిదే. రేపెప్పుడైనా గుండెకు కొత్త దారి వేయాల్సి వస్తే కాలి నుంచే తీసుకుంటారు. అందరికీ ఇది కుదరదు, మీకు కుదురుతుంది. మళ్లీ ఎక్కడైనా ఉబ్బితే మళ్లీ చూడాలి, అది ముందే చెబుతున్నాను."

"గంటే చిటికి కట్టినట్టన్నట్టు" అంది అమ్మ.

ఆయనకు తెలియలేదు. అమ్మ చేతులతో చూపించింది. మా ఊళ్లో నేసేముందు నూలును చాచి, బొమ్మ ఎక్కడ రావాలో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల దగ్గర సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచితే కట్టిన చోటికి రంగు పోదు. నూలు తెగదు. కట్టు విప్పితే బొమ్మ ఉంటుంది.

"అలాగే అనుకోండి" అన్నాడాయన. "నేను మాత్రం కట్టు విప్పను."

ఇక నా వంతు. "ఎన్ని కట్లు సార్? ఒకటి తగ్గిస్తే నడవదా?"

అమ్మ మోచేత్తో పొడిచింది. "ముడుల కాడ బేరమేందే. ఊడిపోతే మీ బాపు ఏస్తడా?"

ఆపరేషన్‌కు ముందు రోజు మళ్లీ పీట మీద నిలబెట్టి నీలం సిరాతో మోకాలి కింది నుంచి మడమ దాకా నరం దారంతా గీశాడు. కట్టాల్సిన చోట గుండ్రాలు పెట్టాడు. "రేపటి దాకా నీళ్లు తగలనీయకండి. ఈ గుర్తులే నాకు దారి" అన్నాడు. అలాగేనని బస్సెక్కి ఇంటికొచ్చాం.

పొద్దున అమ్మ వాకిట్లో నిలబడి స్నానం చేయకుండా గడప దాటనంది.

"దవాఖాన బల్ల మీద పాసి మొహంతోని పండాల్నా? సచ్చినా పండ."

మొదట కాళ్లు చేతులు కడుక్కోమన్నాను. కుదరలేదు. నడుం దాకా పోసుకోమన్నాను. తలస్నానమే కావాలంది. చివరికి ఒక ఉపాయం నాదే. పంచదార బస్తాల్లో వచ్చే పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి తీసి అమ్మ కాలికి తొడిగాను. పక్క సైకిల్ దుకాణం భాయిని పాత ట్యూబు అడిగాను. మా ఊళ్లో చిటికి కట్టేవాళ్లకు ట్యూబులిచ్చేది ఆయనే.

ఆయన ట్యూబు కోసిస్తూ మా వాకిట్లోకి తొంగిచూశాడు. "ఏంది ఆపా, కాలుకు పంక్చరా? ఏడ పోతాందో తెల్వాలంటె నీళ్లల్ల ముంచాలె."

"నీళ్లు తగలొద్దన్నడు భాయి డాక్టరు" అంది అమ్మ.

"ఫికర్ చెయ్యకు. గీ పట్టీతోని కడితె రంగే పోదు. నీళ్లేం పోతయి."

నాకూ అదే ధీమా. పట్టీ మీద పట్టీ వేసి మోకాలి కింద కట్టాను, మరీ బిగించలేదు, నూలుకు కట్టినంత బిగువు కాదు. అమ్మ కుంటుకుంటూ పోయి తలారా పోసుకుంది. నీళ్లు ఒక్క బొట్టు లోపలికి పోలేదు. బస్సు దుమ్ముకు గుర్తులు పాడవుతాయని, దవాఖాన దాకా సంచి విప్పొద్దని కూడా నేనే అన్నాను. ఎండాకాలం. కిక్కిరిసిన బస్సు. కుదుపు వచ్చినప్పుడల్లా అమ్మ చీరలోంచి కరకరమని చప్పుడు. కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు. నన్ను దించేసిన కండక్టరు కాదు, అదొక్కటే నయం.

దవాఖానలో డాక్టరు ముందు సంచి లాగాను. కాలంతా ఒకటే నీలం. గీత లేదు, గుండ్రం లేదు. చెమటకు సిరా కరిగి సంచి లోపలి వైపుకు ఎక్కింది. ఆయన సంచిని తీసుకుని కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. అమ్మ నరం అందులో వంకర్లు తిరిగి, తలకిందులై, అక్కడక్కడా గుండ్రాలతో సహా ఉంది.

"ఎవరు కట్టారు?"

అమ్మ వేలు నా వైపు వెంటనే తిరిగింది.

"నీళ్లు మాత్రం పోలే సార్" అన్నాను. "కావాలంటె సూడండి, ఒక్క బొట్టు పోలే."

"పోలేదు. లోపలి చెమట బయటికి కూడా రాలేదు" అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన కొంచెం కష్టపడ్డాడు. "అమ్మా, పీట ఎక్కండి. మళ్లీ మొదట్నుంచి."

ఈసారి అమ్మ గోడవైపు చూడలేదు. మెడ తిప్పి ఆ పెట్టెలో ఎరుపూ నీలమూ చూస్తూ, బుస్సుమన్నప్పుడల్లా "గిక్కడ జారుతాంది" అంటూ నిలబడింది. సిగ్గూ పోయింది, భయమూ కొంత పోయినట్టుంది.

కాలికి మాత్రమే మత్తు ఇచ్చారు. తలుపు బయట బల్ల మీద కూర్చున్న నాకు లోపలి నుంచి అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

"కట్టిన్రా?"

"కట్టానమ్మా."

"గట్టిగ కట్టిన్రా?"

"గట్టిగానే."

"తెంపలే గద."

"లేదమ్మా. ఉంది. అక్కడే ఉంది."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. అమ్మ పిక్కకు గుడ్డపట్టీలు చుట్టించుకుని తన కాళ్ల మీదే నడుచుకుంటూ వచ్చింది. నడవమని వాళ్లే చెప్పారట. బల్ల మీద నా పక్కన కూర్చుంది. ఎడమ కాలు ముందుకు చాచి వేళ్లు ముడిచింది. తెరిచింది. మళ్లీ ముడిచింది. ఆ కాలి మెట్టె ఎదుటి బల్ల కోడుకు తగిలి టిక్కుమనేది. చాలాసేపు అదే పని.

ఇంటికి పంపేముందు డాక్టరు చివరి మాట చెప్పాడు. బిగువు మేజోడు వేసుకోవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. ఒక్కచోట నిలబడకూడదు.

అప్పుడు మొదలైంది అసలు బేరం. నాది కాదు, అమ్మది.

"పొద్దుగాల గిరాకీ ఉన్నంత సేపు నిలవడ్త."

"వద్దమ్మా."

"తూకం ఏసేటప్పుడే."

"వద్దు. కూర్చోండి, లేదా నడవండి. ఎంతైనా నడవండి."

"నడుస్తె ఏం కాదా?"

"మంచిది కూడా."

అమ్మ ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు తెలుసు. సరుకు తెచ్చినవాడు ధర చెప్పాక, ఇంకో మాట అనేముందు అమ్మ అలాగే ఊరుకునేది.

పట్టీలు విప్పిన మరుసటి పొద్దునే దుకాణం మొత్తం తిరగేసి సర్దింది. ఉప్పు బస్తా ఈ చివర, పప్పులు ఆ చివర. చింతపండు వెనక గోడకు, దాంతో పాటు కొనే మిరపకాయ ముందు గుంజకు. తరాజు నడిమధ్యలో. సబ్బు అడిగితే ఆరడుగులు, దాంతో పాటు నీలిమందు అడిగితే మళ్లీ వెనక్కి ఆరడుగులు. గిరాకీ నిలబడేవాడు, అమ్మ నడిచేది.

ఊరంతా ఒకటే తిట్లు. మగ్గం దిగి చాయపత్తా, చక్కెర కోసం వచ్చిన ఒకాయన అరుగుకు చేతులానించి, "సేటమ్మా, చక్కెర ఏడ పెట్టినవు, బీబీనగర్లనా? బస్సుకు పొయ్యి తెస్తున్నవా?" అన్నాడు.

"తొందరుంటే నువ్వే ఎక్కి రా" అంది అమ్మ లోపలి నుంచి.

గిరాకీ లేనప్పుడు అమ్మ, బాపు పరుపు మీద కూర్చుని గల్లా పెట్టె మీద కాళ్లు పెట్టుకునేది. గల్లా మీద కాళ్లు పెట్టడమా అని బాపు రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఒక బియ్యం మూట తెచ్చి అమ్మ కాళ్ల కింద పెట్టాడు. గల్లాను కాపాడుకోవడానికే అన్నాడు. "నువ్వు కూసో, నేను నిలవడ్త. ఇగ నాకు లేస్తయి నరాలు" అని గొణిగాడు గానీ పరుపు మాత్రం మళ్లీ అడగలేదు.

వానలు పడేనాటికి పుండు మూసుకుంది. పిక్క మీద చిక్కు కూడా మెల్లగా అణిగింది, పూర్తిగా కాదు, జాడ మిగిలింది. ఆ నీలం సంచిని అమ్మ పారేయలేదు. కడిగి ఆరేసి పొట్లాల దారపు ఉండలు అందులో దాచింది. ఎంత కడిగినా ఆ గీతలు పోలేదు. గిరాకీలు ఏదో కొత్త చిటికి నమూనా అనుకునేవాళ్లు.

ఆ తర్వాత కొన్నేళ్లకు బాపు చూపు తగ్గి దుకాణం వేరేవాళ్లకు ఇచ్చేశాం. బేరం నాకే అప్పగించారు. తలుపులు, గుంజలు, తరాజు, అల్మారాలు అన్నీ మాట్లాడుకున్నాక కింద చూశాను. ఉప్పు నుంచి పప్పు దాకా, అమ్మ నడిచి నడిచి, షాబాదు బండలు ఒక దారిలా నున్నబడ్డాయి. మిగతా నేల గరుకుగా ఉంది, ఆ దారి మాత్రం నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ బండలు ఇవ్వనన్నాను. మా వాకిట్లో వేసుకుంటామన్నాను.

దుకాణం కొంటున్నాయన బిత్తరపోయాడు. "బండలు తీస్తె దుకాణంల గుంతలు పడ్తయి గదమ్మా."

నేను పట్టు విడవలేదు. అన్నీ కాకపోతే సగమన్నాను. సగం కాకపోతే తరాజు కింద నాలుగన్నాను. అప్పటిదాకా పరుపు మీద కూర్చుని వింటున్న అమ్మ లేచింది. ఆ చివరి నుంచి ఈ చివరికి ఆ దారి మీదే నడిచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆడ్నే ఉండనియ్యే" అంది. "అన్నీ తియ్యాల్నా?"